ఆ లేత్ మిషను ఎక్కడిది?

ఇంటి గారేజీలోనో పెరటి షెడ్డులోనో కూర్చుని గడియారాలు, యంత్రభాగాలు, రసాయనాలు, చివరకు సిలికాన్ చిప్పులు కూడా తయారుచేసి చూపే వీడియోల గురించి సాహిత్య విమర్శ పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ఇవి కథనాలు గనక రాస్తున్నాను. వీటిలో కథకుడున్నాడు, ఎత్తుగడ వుంది, లోహమో గాజో లొంగక మొరాయించే ఘట్టం వుంది, ముగింపు వుంది. శ్రమను వస్తువుగా తీసుకున్న రచనలు మనకు చాలినన్ని లేవని అభ్యుదయ విమర్శ దశాబ్దాలుగా అంటూనే వుంది. మనం అంటూ వుండగానే, పూర్తిగా శ్రమ మీదనే నిలబడిన ఒక కొత్త కథన రూపం పుట్టి, పెరిగి, లక్షలాది మందిని రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెడుతోంది. వాళ్ళలో మన డిగ్రీ విద్యార్థులూ వున్నారు, నా తొమ్మిదో తరగతి పిల్లలూ వున్నారు. దాన్ని యంత్రాల వాళ్ళకు వదిలేసి మనం కవితా సంపుటాల సమీక్షలతో తృప్తిపడడం సరికాదనుకుంటాను.

ఈ రూపాన్ని పరిశీలించేటప్పుడు నేను ముందుగా అడగదలచిన ప్రశ్న చాలా మొరటైనది: ఈ మనిషికి ఆ యంత్రం ఎక్కడిది? మన సాహిత్యంలో మంచి రచనలు ఇలాంటి ప్రశ్నను తప్పించుకోలేదు. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవలలో సుందరం చదువుకయ్యే ఖర్చు ఎక్కడినుంచి వస్తోందన్న స్పృహ పాఠకుడికి వుంటుంది. ‘కన్యాశుల్కం’లో గిరీశం ఇంగ్లీషు కోతలకు నవ్వుకునే ప్రేక్షకుడిని, ఆ కోతలు కోసే నోటికి పూటకూళ్ళమ్మ అన్నం పెట్టిందన్న సంగతి గురజాడ మరిచిపోనివ్వడు. ఈ వీడియోల్లో అలా కాదు. తెర లేచేసరికే లేత్ మిషను అక్కడ వుంటుంది. దాని పక్కన మిల్లింగు మిషను, దాని పైన ఆసిలోస్కోపు, మూలన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. పురాణాల్లో రాజుకు రాజ్యం ఎలా వుంటుందో, ఇక్కడ కథకుడికి వర్క్‌షాపు అలా వుంటుంది. అది ఎలా వచ్చిందని ఎవరూ అడగరు.

అడిగితే వచ్చే జవాబులు సాధారణంగా రెండు. మన శిబిరంలో వాళ్ళు, ‘డబ్బున్న దేశపు పెటీ బూర్జువా సరదాలు, అంతకంటే ఏముంది?’ అంటారు. వ్యక్తిత్వ వికాసపు ఉపన్యాసకులు, ‘పట్టుదల వుంటే పరికరాలు వాటంతట అవే వస్తాయి’ అంటారు. ఈ రెండు జవాబులూ ఇచ్చేవాళ్ళు వీడియోలను ఓపికగా చూడలేదని నా అనుమానం.

శాం జెలూఫ్ అనే కుర్రవాడి సంగతి తీసుకుందాం. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో హైస్కూలు చదువుతున్న రోజుల్లోనే తల్లిదండ్రుల ఇంటి గారేజీలో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు తయారుచేయాలనుకున్నాడు. అంతకుముందు జెరి ఎల్స్‌వర్త్ అనే స్త్రీ ఇంట్లో ట్రాన్సిస్టర్లు చేసి చూపిన వీడియోలు అతనికి దారి చూపాయి. 2018లో అతను ఆరు ట్రాన్సిస్టర్ల చిప్పు చేశాడు. 2021లో నూరు ట్రాన్సిస్టర్లది చేశాడు. 1971లో ఇంటెల్ కంపెనీ విడుదల చేసిన 4004 అనే తొలి మైక్రోప్రాసెసర్‌లో సుమారు 2300 ట్రాన్సిస్టర్లున్నాయి. అంటే యాభై యేళ్ళ కిందట ఒక పరిశ్రమ చేసిన పనికి దరిదాపుల్లోకి ఒక కుర్రవాడు గారేజీలోంచి చేరుకోబోతున్నాడన్నమాట. కథనం ఇక్కడితో ఆగితే అది ప్రతిభ గురించిన నీతికథ అవుతుంది. పత్రికలు చాలావరకు అలాగే చెప్పుకున్నాయి కూడా.

కానీ జెలూఫ్ స్వయంగా చెప్పే కథ వేరు, అందుకే నాకతను నచ్చాడు. అతని దగ్గరున్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు 1990ల మొదట్లో కొత్తగా వున్నప్పుడు రెండున్నర లక్షల డాలర్ల ఖరీదు చేసింది. అతను దాన్ని చెడిపోయిన స్థితిలో వెయ్యి డాలర్లకు కొని బాగుచేసుకున్నాడు. చిప్పు మీద గీతలు గీసే యంత్రం కొనడం అతని తరం కాదు గనక, ఒక మామూలు ప్రొజెక్టరును మార్చి, మైక్రోస్కోపుకు తగిలించి, అదే పని చేయించాడు. ఎలా చేయాలన్నది 1960, 70ల నాటి పేటెంట్లలోంచి, ఆనాటి పాఠ్యపుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు.

ఈ వివరాలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండున్నర లక్షలది వెయ్యికి ఎలా దిగింది? ఏ కంపెనీకో, ఏ విశ్వవిద్యాలయానికో దాని అవసరం తీరిపోయింది. లెక్కల్లో దాని విలువ సున్నా అయింది. అయినా దాన్ని తయారుచేసిన మనుషుల నైపుణ్యం లోపల అలాగే వుంది. పెట్టుబడి తనకు అక్కర్లేదని పారేసిన గత శ్రమను ఈ కుర్రవాడు ఏరుకున్నాడు. అలా ఏరుకోవాలంటే పారేసేవాడు దగ్గర్లో వుండాలి. పారేసిన దాన్ని దించుకోవడానికి గారేజీ వుండాలి, గారేజీ వుండాలంటే సొంత యిల్లుండాలి. నెలల తరబడి దాన్ని విప్పి బిగించేంత తీరిక వుండాలి, ఆ కాలమంతా అన్నం పెట్టే తల్లిదండ్రులుండాలి. వెయ్యి డాలర్లు దీంట్లో అన్నిటికంటే చిన్న ఖర్చు. ఇంత చెప్పినంత మాత్రాన అతని ప్రతిభ తగ్గదు. అదే గారేజీ, అదే తీరిక వున్న కుర్రవాళ్ళు ఆ రాష్ట్రంలో వేలమంది వుంటారు, వాళ్ళెవరూ చిప్పు చేయలేదు.

పాత లోహపు యంత్రాల కథ ఇంకా సూటిగా వుంటుంది. అమెరికన్ వర్క్‌షాపు వీడియోల్లో మాటిమాటికీ వినబడే రెండు పేర్లు సౌత్ బెండ్, బ్రిడ్జ్‌పోర్ట్. మొదటిది ఇండియానా రాష్ట్రంలోని ఊరు, అక్కడి లేత్‌లకు ఊరి పేరే వచ్చింది. రెండోది కనెక్టికట్ రాష్ట్రంలోని ఊరు, 1938లో అక్కడ మొదలైన మిల్లింగు మిషనుకు అదే పేరు. ఈ యంత్రాలు ఇవాళ ఏ ఉద్యోగి షెడ్డులోనో కనిపిస్తే మనం ముచ్చటపడతాం. అవి షెడ్డుల్లోకి ఎలా వచ్చాయి? 2000 సంవత్సరంలో అమెరికా ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు సుమారు 1 కోటి 73 లక్షలమంది. 2010 నాటికి ఆ సంఖ్య 1 కోటి 15 లక్షలకు పడిపోయింది. మూతబడిన ప్రతి షాపు ముందూ ఒక వేలం జరిగింది. టన్ను బరువుండే మిల్లింగు మిషనును పెద్ద కంపెనీ పట్టించుకోదు, దానికి కంప్యూటరుతో నడిచేవి కావాలి. ఆ ధర దగ్గర దాన్ని కొనేవాడు తుక్కు వ్యాపారి, లేకపోతే అభిరుచి గల మనిషి. ఒక కార్మికుడి ఉద్యోగం పోయిన చోటునుంచి ఒక అభిరుచికారుడి వర్క్‌షాపు మొదలవుతోంది. చాలాసార్లు ఆ ఇద్దరూ ఒకరే కావడం విశేషం. ఫ్యాక్టరీ మూసేశాక తాను నడిపిన యంత్రాన్నే వేలంలో పాడుకుని ఇంటికి తెచ్చుకున్న టర్నరు గురించి మన దగ్గర ఎవరైనా కథ రాస్తే చదవాలని వుంది.

ఈ విషాదాన్ని దాచకుండా చెప్పినవాడు లైల్ పీటర్సన్. అమెరికాలో హైస్కూలు పిల్లలకు వర్క్‌షాపు పాఠాలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడు. ‘మిస్టర్ పీట్’ పేరుతో లేత్ పని మీద వందలాది పాఠాలు చేశాడు. నేనూ బడిపంతులునే గనక పక్షపాతం వుందనుకున్నా సరే, ఈ రూపంలో నేను చూసిన మంచి గద్యం ఆయనదే. ఒక పాత పనిముట్టును చేతిలోకి తీసుకుంటాడు. అది ఏ కంపెనీది, ఎంతకు కొన్నాడు, ఎవరి దగ్గర కొన్నాడు, ఆ కంపెనీ ఏమైంది అన్నీ చెబుతాడు. 1980ల నుంచి అక్కడి బళ్ళలో వర్క్‌షాపు తరగతులు ఒక్కొక్కటీ మూతబడ్డాయి, పిల్లలందరినీ కాలేజీకి పంపాలన్న విధానం వచ్చింది. ఆ బళ్ళ పరికరాలూ వేలాలకు వెళ్ళాయి. ప్రజల డబ్బుతో పిల్లలందరి కోసం కొన్న యంత్రాలు ఒక్కొక్కరి సొంత షెడ్డుల్లోకి చేరాయి. పీటర్సన్ దీన్ని సిద్ధాంతంగా చెప్పడు, గొణుక్కుంటాడు. ఆ గొణుగుడులో వున్న చరిత్ర జ్ఞానం మెరుగు పెట్టిన వీడియోల్లో దొరకదు.

దీనికి రెండో కొసన మార్క్ వెర్డీల్ వుంటాడు. ఫ్రెంచి ఇంజనీరు, కాలిఫోర్నియాలో వుంటాడు. అపోలో నౌకలో వాడిన కంప్యూటరును మిత్రులతో కలిసి 2019 నాటికి మళ్ళీ నడిపించి చూపిన వీడియోలు అతనివి. అద్భుతమైన పని. అతను పెట్టిన లైట్‌లాజిక్ అనే కంపెనీని 2001లో ఇంటెల్ సుమారు 40 కోట్ల డాలర్ల విలువకు కొనుక్కుంది. ఈ రెండో వాక్యం తెలిశాక అతని బల్లమీది పరికరాల వరుస మనకు వేరేగా కనిపిస్తుంది. కనిపించాలి కూడా. బెన్ క్రాస్‌నో 2011లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును ఇంట్లో సొంతంగా కట్టి చూపాడు. అతనికి అటు సంపదా లేదు, ఇటు లేమీ లేదు. వాల్వ్, గూగుల్ వంటి సంస్థల్లో ఇంజనీరుగా చేసినవాడు. పగటి జీతం రాత్రి ప్రయోగశాలను పోషించింది. ఈ రంగంలో ఎక్కువమంది కథ ఇదే. మంచి జీతమున్న ఉద్యోగి ఒక్కో పరికరం చొప్పున పదేళ్ళు కూడబెడతాడు. చూసేవాడికి పదేళ్ళూ ఒక్క చట్రంలో కనిపిస్తాయి. నా విద్యార్థులు ఈ సంగతే గ్రహించరు. ఇరవై నిమిషాల వీడియోలో కనిపించే గది ఇరవై నిమిషాల్లో తయారైందనే భ్రమలో వుంటారు.

ఇక వీడియోయే యంత్రాన్ని కొనిపెట్టే దశ గురించి చెప్పాలి. 2005లో మొదలైన యూట్యూబ్ 2007లో ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. మామూలు వీడియోలకు ఆ వాటా 55 శాతం. 2018లో షరతులు బిగించింది. వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగువేల గంటల వీక్షణం లేనివాడికి ఈ ప్రకటనల వాటా లేదన్నది. అంటే కొత్తవాడు ముందుగా సొంత ఖర్చుతో యంత్రం చూపించాలి, ఆ తరువాతే యంత్రానికి డబ్బొస్తుంది. 2013లో వచ్చిన పేట్రియాన్ ద్వారా ప్రేక్షకులు నెలనెలా నేరుగా చందా పంపే పద్ధతి ఏర్పడింది. పేరు పెరిగినవాడి ఇంటికి యంత్రాల కంపెనీలే లారీలో సరుకు పంపుతాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, వస్తువును ఉచితంగా తీసుకుని మెచ్చుకునేవాడు ఆ సంగతి బయటపెట్టాలి. చాలామంది పెడుతున్నారు, అర నిమిషంలో. ఆ అర నిమిషం మిగిలిన కథనాన్ని ఎలా మారుస్తుందన్నది విమర్శకుడు చూడవలసిన విషయం. పాత లేత్ మీద పనిచేసిన రోజుల్లో ఈ కథకుడు బేరింగు అరిగిందని తిట్టుకునేవాడు, యంత్రం తప్పును మనకు చూపించేవాడు. పంపిన యంత్రం వచ్చాక ఆ తిట్లు తగ్గుతాయి. కథలోంచి సంఘర్షణ వెళ్ళిపోయి, ఆ చోటులో పెట్టె విప్పే దృశ్యం వస్తుంది. రాజాశ్రయంలో కావ్యాలు చదివినవాళ్ళకు ఈ మార్పు కొత్త కాదు.

అయితే చందాలన్నీ ఇలాగే ముగుస్తాయనడం అన్యాయం. ఆస్ట్రేలియాలో క్రిస్ బుడిసెలిక్ అనే ఆయన ‘క్లిక్‌స్ప్రింగ్’ పేరుతో గడియారపు పని చూపిస్తాడు. మొదట్లో ఆయన వాడింది బల్లమీద పెట్టుకునే చిన్న లేత్. 1901లో గ్రీసు సముద్రం అడుగునుంచి బయటపడిన ఆంటికిథెరా యంత్రాన్ని, ఆనాటి మనిషికి ఏ పనిముట్లు వుండి వుంటాయో ఆలోచిస్తూ తిరిగి చేయడం మొదలుపెట్టాడు. ఆకురాయి దొరకని చోట ఆకురాయినీ చేశాడు. ప్రేక్షకుల చందాలే ఆయన జీతం. ఆ పనిలో ముందు వలయం మీది రంధ్రాలను కొలుస్తూ వుండగా, మొత్తం 365 వుంటాయన్న పాత అభిప్రాయం మీద సందేహం వచ్చింది. 2020లో మరికొందరితో కలిసి, అది 354 రంధ్రాల చాంద్రమాన పంచాంగపు వలయమై వుండాలని పరిశోధన పత్రం రాశాడు. 2024లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు గురుత్వ తరంగాల పరిశోధనలో వాడే గణాంక పద్ధతులతో లెక్కకట్టి, 354 లేదా 355 రంధ్రాలకే ఎక్కువ అవకాశం వుందన్నారు. నెలకు కొద్ది డాలర్లు పంపే ఊరూపేరూ లేని ప్రేక్షకులు రెండువేల యేళ్ళ నాటి పనివాడి లెక్కను బయటికి తీయించారు. చందాలతో నడిచే చిన్న పత్రికలో ఈ మాట రాస్తున్నందుకు నాకు కొంచెం అసూయగా కూడా వుంది.

ఈ రూపానికి ఇంకో ముఖం వుంది, దాని గురించి చెప్పకుండా పై మెచ్చుకోలు చెల్లదు. పాకిస్తాన్‌లోని లారీ మరమ్మతు షాపుల్లో తీసిన వీడియోలు మీలో చాలామంది చూసే వుంటారు. విరిగిన ఇరుసును అతికించి, వెల్డింగు చేసి, పెద్ద పాత లేత్ మీదికెత్తి తిప్పుతారు. కాళ్ళకు చెప్పులు మాత్రమే, చాలాసార్లు కళ్ళకు అద్దాలుండవు. లోహపు రజను ముఖం మీదికి ఎగురుతూ వుంటుంది. పనితనం చూస్తే పైన చెప్పిన ఎవరికీ తీసిపోదు. వీటినీ లక్షలమంది చూస్తారు. కానీ ఈ వీడియోల్లో ‘నేను’ లేదు. చాలావాటిలో మాటలే వుండవు, పనిచేసే మనిషి పేరు చెప్పరు. ఆయన లేత్ యజమాని కాడు, కెమెరా యజమాని కాడు. గారేజీలోని మనిషి చేసే పనిని ‘అభిరుచి’ అంటున్నాం, ఈయన చేసే పనిని ‘మరమ్మతు’ అంటున్నాం. చేతుల కదలిక ఒక్కటే అయినా, పరికరం ఎవరిదన్న దాన్నిబట్టి ఒకరు కథకుడయ్యారు, ఇంకొకరు దృశ్యమయ్యారు. ఉత్తమ పురుష కథనానికి ఆస్తి అవసరమా అని మన కథానిక విమర్శకులు ఎప్పుడైనా అడిగారో లేదో. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై యేళ్ళుగా లేత్ ముందు నిలబడ్డ మనిషి ‘నేను’ అని మొదలుపెడితే ఆ వాక్యం ఎలా వుంటుందన్నది నాకు ఈ వీడియోలు చూసేటప్పుడల్లా తోచే ఆలోచన.

మన సంగతి కొద్దిగా. సికిందరాబాదులో 1943లో పుట్టిన ప్రాగా టూల్స్, హైదరాబాదులోని హెచ్ఎంటీ మన ప్రాంతానికి పరిచితమైన పేర్లు. కేంద్రం 2016లో హెచ్ఎంటీ బేరింగ్స్‌ను మూసేయాలని నిర్ణయించింది. మనకూ మూతబడిన షాపులున్నాయి, వేలాలూ వున్నాయి. ఐతే మన దగ్గర పాత సామాను సాధారణంగా పెద్ద లాట్లుగా కట్టి టన్నుల లెక్కన పోతుంది. కొన్నవాడు కరిగిస్తాడు. విడిగా ఒక యంత్రాన్ని కొని పెట్టుకునే గారేజీ ఏ టీచరుకు, ఏ గుమాస్తాకు వుంది? రెండు గదుల అద్దె యింట్లో టన్ను బరువున్న మిల్లింగు మిషనును ఏ గదిలో దించాలి? త్రీ ఫేజు కరెంటుకు యింటి యజమాని ఏమంటాడు?

ఉమ్మడి ఆస్తిగా పరికరాలు ఇవ్వడమనే ప్రయత్నం మనకు లేకపోలేదు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా వస్తుంది, త్రీడీ ప్రింటరుతో సహా. ఉద్దేశం మంచిది. నేను పనిచేసిన ఒక బడిలో అంతకంటే చాలా పాతదైన మామూలు మైక్రోస్కోపు ఒకటుండేది. బీరువాలో, తాళంలో. అద్దం పగిలితే స్టాక్ రిజిస్టరులో సంతకం పెట్టినవాడి జీతంలోంచి కోత పడుతుంది గనక తనిఖీ రోజున తప్ప దాన్ని బయటికి తీసేవాళ్ళు కారు. జెలూఫ్ మైక్రోస్కోపు అతనికి చెడిపోయి దొరికింది, విప్పే హక్కుతో సహా దొరికింది. మాది చెడిపోకుండా వుంది, ముట్టుకునే హక్కు లేదు.

వర్క్‌షాపు వీడియోలు బాగా చూసే నా విద్యార్థి ఒకడు, ‘సార్, మనకి లేత్ ఎంతకి దొరుకుతుంది?’ అని అడిగాడు. ధర కనుక్కుని చెప్పడం తేలికే. ఆ ధరతో పాటు గది అద్దె, కరెంటు, మోసుకొచ్చే లారీ, విప్పి నేర్చుకునే రెండేళ్ళ కాలం, ఆ రెండేళ్ళూ వాడు సంపాదించకపోయినా గడిచే యిల్లు అన్నీ బల్లమీద పెట్టి ఇద్దరం లెక్క వేశాం. మొత్తం చూసి వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘ఐతే ఆ వీడియోలో అంకుల్ ఇవన్నీ ఎందుకు చెప్పలేదు సార్?’ అన్నాడు. పీటర్సన్ పాఠాలు పెట్టి చూపించాను. ఇంగ్లీషు సగమే అర్థమైంది గాని, ముసలాయన ప్రతి పనిముట్టుకీ ముందు ధర చెబుతున్నాడని మాత్రం వాడు వెంటనే పట్టుకున్నాడు.